అట్ట లేని పుస్తకాల మావయ్యగారు

పోయిన సోమవారం పొద్దున్న పక్కింటి అత్తయ్యగారు ఫోన్ చేశారు. గోడ అవతల నుంచి పిలిస్తే వినపడే దూరమే, అయినా ఫోనే చేశారు. "మావయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేరమ్మా. టీ తాగేరు, గ్లాసు నా చేతికిచ్చేరు, అంతే" అన్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఆయన పడక్కుర్చీలోనే ఉన్నారు, కళ్లజోడు ముక్కు మీదే ఉంది. ఏడుపు వచ్చింది. ఏడుపుతో పాటు, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను, హమ్మయ్య అని కూడా అనిపించింది. ఆయన ఒక నెల ముందు పోయి ఉంటే నేను జన్మలో తేరుకునేదాన్ని కాదు. ఆ నెల నాకు దొరికింది. ఎందుకలా అంటున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మావయ్యగారికీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. రాజోలు బస్టాండు పక్కన నలభై ఏళ్లు పత్రికల దుకాణం నడిపిన మనిషి ఆయన. వీధిలో సగం మందికి మావయ్యగారే, పక్కిల్లు కాబట్టి నాకు మరికాస్త ఎక్కువ. దుకాణమంటే నాలుగు రేకులు, ఒక ఎత్తు బల్ల, అడ్డంగా కట్టిన మూడు నైలాను తాళ్లు. ఆ తాళ్లకు బట్టల క్లిప్పులతో వారపత్రికలు, మాసపత్రికలు, పిల్లల బొమ్మల కథలు వేలాడుతూ ఉండేవి. బడి వదిలాక నేను నేరుగా ఇంటికి వెళ్లిన రోజులు తక్కువ. దుకాణం గడప మీద కూర్చుని కామిక్సు చదివేదాన్ని. కొనమని ఆయన ఒక్కనాడూ అనలేదు. "చేతులు చూపించు" అనేవారు. బజ్జీల నూనె కనిపిస్తే కుళాయి వైపు వేలు చూపించేవారు. ఆయన పెట్టిన షరతు అదొక్కటే.

బొమ్మ వేయడం నేను కాలేజీలో నేర్చుకున్నాను గానీ, అట్ట వేయడం నేర్పింది మాత్రం ఆయనే. కొత్త సంచిక కట్ట విప్పగానే ఒకటి తాడుకు తగిలించి, నన్ను తీసుకెళ్లి ఆగి ఉన్న బస్సు మెట్టు దగ్గర నిలబెట్టేవారు. "ఇక్కణ్ణించి ఏం కనపడతందో చెప్పు" అనేవారు. నేను చెప్పలేకపోతే ఆ అట్ట తప్పినట్టే. "బస్సు ఓ నిమిషం ఆగుతాదమ్మా. ఆ నిమిషంలో కిటికీ దగ్గర కూర్చున్నవాడి మెడ ఇటు తిరగాలి. తిరిగితే అది అట్ట. తిరక్కపోతే కాయితం." ఈ మాట మీదే నేను ఇప్పటికీ బతుకుతున్నాను. బొమ్మ పూర్తయ్యాక కంప్యూటరు దగ్గర నుంచి లేచి అవతలి గుమ్మం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి తిరిగి చూస్తాను. "కూర్చుని చేసే పనికి ఈ నడకేంటే" అంటుంది మా అమ్మ.

ఆయన పనిలో ఇంకొక సంగతి ఉంది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అమ్ముడుపోని పత్రికలను దుకాణం వాళ్లు కంపెనీకి తిప్పి పంపాలి. మొత్తం పుస్తకాలు పంపితే పార్సిలు బరువైపోతుంది. అందుకని అట్ట ఒక్కటి చింపి పంపితే చాలు, పుస్తకం అమ్ముడు కాలేదనడానికి అదే సాక్ష్యం. నెలాఖరున మావయ్యగారు స్టీలు స్కేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క పీచు లేవకుండా అట్టలు తీసేవారు. అట్టల కట్ట పోస్టుకు వెళ్లేది. అట్ట లేని పుస్తకాలు చుట్టుపక్కల పిల్లలకు, ఆసుపత్రిలో రోగులకు తోడుగా కూర్చున్నవాళ్లకు వెళ్లేవి. చిన్నప్పుడు నేను చదివినవాటిలో సగానికి అట్టలు లేవు.

కొన్నేళ్ల కిందట ఒక కామిక్సు కంపెనీ నన్ను వేరియంట్ కవర్ వేయమని అడిగింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. లోపల కథ ఒకటే, సంచిక ఒకటే, అట్టలు మాత్రం రెండో మూడో ఉంటాయి. ఎక్కువ కాపీలకు మామూలు అట్ట, కొద్ది కాపీలకు వేరే ఆర్టిస్టు వేసిన ప్రత్యేకమైన అట్ట. సేకరించేవాళ్లు ఆ కొద్ది కాపీల కోసమే వెతుక్కుంటూ తిరుగుతారు. దొరికాక చాలామంది చదవను కూడా చదవరు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంటారు. ఇదంతా వివరిస్తే మావయ్యగారు చాలాసేపు నవ్వారు. "చదవనివాళ్ళ కోసం అట్టా! అయితే మన బస్సులో వాళ్ళే కదమ్మా" అన్నారు.

ఆ మొదటి అట్ట మీద నేను అంతర్వేది వేశాను. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట, చీర ఎగదోపుకుని పడవను నీళ్లలోకి తోస్తున్న అమ్మాయి. ఆ కథలో నాయిక ఆమే. ఆ బొమ్మ మా ఊరి తాడు మీద వేలాడాలని నాకు ఒకటే ఆశ. కంపెనీని బతిమాలి, ఆ అట్ట ఉన్నవి ఒక కట్ట రాజోలుకు తెప్పించుకున్నాను. బొమ్మ వేసినందుకు నాకు రావలసిన కాపీలు కూడా అందులోనే పెట్టేయమన్నాను. మా వీధికి కొరియర్ అబ్బాయి వస్తే వస్తాడు, లేకపోతే లేదు. దుకాణానికైతే ఖాయం. సరిగ్గా అప్పుడే మా అమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కాకినాడలో ఆపరేషన్, నెలన్నర అక్కడే ఉండిపోయాను. కట్టలో నా కాపీలు ఉన్నాయన్న ముక్క ఆయనకు చెప్పనే లేదు.

తిరిగొచ్చేసరికి తాడు మీద నా అట్ట లేదు. మావయ్యగారు నవ్వుతూ ఎదురొచ్చారు. "వానలమ్మా, బస్సులే సరిగా తిరగలేదు. నీ పుస్తకాలు కదల్లేదు. నెలాఖరు వచ్చేసిందని అట్టలు పంపించేసేను. నీ బొమ్మ కదా, ఒక్క పీచు లేవకుండా తీసేను" అన్నారు.

అన్నీ పోయాయి, నా కాపీలతో సహా. కంపెనీకి ఫోన్ చేస్తే, వచ్చిన అట్టలను వచ్చినట్టే కాగితం మిల్లుకు తోలేశామన్నారు. నా మొదటి అట్ట కంప్యూటరులో బొమ్మగా మిగిలింది గానీ, చేత్తో పట్టుకోవడానికి నా దగ్గర ఒక్కటి లేదు.

వారం రోజులు నోరు మూసుకున్నాను. ఈలోగా హైదరాబాదు నుంచి ఒక సేకరణదారుడు ఫోన్ చేసి, ఆ అట్ట ఎక్కడా దొరకడం లేదు, కనీసం మీ దగ్గరైనా ఉందా అని అడిగాడు. లేదని చెప్పి, ఆ ఊపులోనే బస్టాండుకు వెళ్లాను. నలుగురూ ఉన్నారని కూడా చూడలేదు. "నలభై ఏళ్ళు పుస్తకాలమ్మేరు, అట్ట విలువ తెలీదు మీకు. చింపడం ఒక్కటే తెలుసు. అసలు ఆ బొమ్మ వంక ఒక్కసారైనా చూసేరా మావయ్యగారూ?" అనేశాను. ఆయన చేతిలో ఉన్న స్కేలు బల్ల మీద పెట్టి, తాడు మీది పత్రికలు సర్దుకున్నారు.

మరుసటి నెల దుకాణం తెరుచుకోలేదు. ఆ రేకుల్లోకి సెల్‌ఫోను కవర్లు అమ్మేవాళ్లు వచ్చారు. నా నోటితో నేనే ఆ దుకాణం మూయించానని నాకు రూఢి అయిపోయింది. ఒక గోడకు ఇటూ అటూ ఇన్నేళ్లు గడిపాం. కనిపిస్తే పలకరించుకునేవాళ్లం. క్రిస్మస్‌కు వాళ్లింటి నుంచి కేకు వచ్చేది, మా ఇంటి నుంచి పులిహోర వెళ్లేది. ఆ మాట మాత్రం ఎవరం ఎత్తలేదు. తరువాత నేను చాలా అట్టలు వేశాను, కాస్త పేరు కూడా వచ్చింది. కొత్తది అచ్చయి వచ్చిన ప్రతిసారీ ఆయనకు చూపిద్దామని వాళ్ల గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చేసేదాన్ని.

పోయిన నెల ఆయనను అమలాపురం ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారు. గుండె బాగా బలహీనపడిందట. "ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతావే" అని మా అమ్మ కేకలేసింది. వెళ్లాను. అత్తయ్యగారు కుర్చీ వేశారు. కూర్చుంటే నోరు రాదని నిలబడే చెప్పాను. "మావయ్యగారూ, ఆవేళ నేనన్న మాటకి మీరు దుకాణం మూసేసేరు. క్షమించండి."

ఆయన నా వంక చూశారు. అత్తయ్యగారి వంక చూశారు. తరువాత నవ్వడం మొదలుపెట్టారు. దగ్గు వచ్చి, అత్తయ్యగారు వీపు రాసేదాకా ఆ నవ్వు ఆగలేదు.

"నీ మాటకా? మోకాళ్ళమ్మా, మోకాళ్ళు! ఆ బల్ల ఎక్కి దిగలేకపోయేను. పైగా అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చేక పత్రికలెవరు కొంటన్నారు? రెండేళ్ళ ముందునించీ మూసెయ్యమని మీ అత్తయ్యగారి పోరు. ఏవండీ టీచరుగారూ, చెప్పండి."

అత్తయ్యగారు బడిపంతులుగా రిటైరైన మనిషి. ఇంట్లో కూడా ఆయనకు ఆవిడ టీచరుగారే. "ఆయ్, నిజమేనమ్మా. నేను చెప్తే వినలేదు. మోకాళ్ళు చెప్తే విన్నారు" అన్నారు.

ఇన్నేళ్లు నేను మోసిన బరువు ఆయన మోకాళ్లదని తెలిసి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పుడు కూర్చున్నాను. అత్తయ్యగారిచ్చిన కాఫీ తాగి ఇంకో గ్లాసు అడిగి తాగాను. "అయితే బాధ పడలేదా?" అన్నాను.

"ఎందుకు పడలేదు? నువ్వు అరిచినందుక్కాదు. నా చేత్తో నీ బొమ్మ తీసేనని. చేసి చేసి అలవాటైపోయిన పని కదా, చెయ్యి దానంతట అదే చేసేసింది. నీకు చెప్దావంటే నువ్వు గేటు దాకా వచ్చి వెళ్ళిపోతన్నావు." ఆ తరువాత మంచం కింద ఉన్న పెట్టె లాగించారు. అందులో అట్టలు లేని నా కామిక్సు ఉన్నాయి. "ఇయ్యి మాత్రం ఎవరికీ ఇవ్వలేదమ్మా. నువ్వు సరేనంటే పిల్లలకి పంచుదావని ఆగేను."

పంచుదాం గానీ, వీటికి అట్టలు నేనే వేస్తానన్నాను. ఆయన చివరి నెల అలా గడిచింది. సాయంత్రాలు వాళ్ల అరుగు మీద దళసరి కాగితం పరుచుకుని రంగులతో వేసేదాన్ని. ఆయన మైదాపిండి ఉడికించిన జిగురు రాసి అతికించేవారు. ఆ అమ్మాయి ఒకదాని మీద పంటు ఎక్కి గోదావరి దాటుతోంది. ఒకదాని మీద చేపల బుట్టతో బేరమాడుతోంది. ఇంకొకదాని మీద అప్పనపల్లి వెళ్లే ఆటోలో అంచున వేలాడుతోంది. లోపల కథ ఒకటే, ఏ అట్టా మరో అట్టలా లేదు. ఒక్కొక్కటి పూర్తయ్యాక ఆయన దాన్ని గుండెకు ఆనించి పట్టుకుని, "టీచరుగారూ, మీరు బస్సండి. గేటు దగ్గర ఓ నిమిషం ఆగండి" అనేవారు. ఆవిడ చీపురుతో సహా వెళ్లి గేటు దగ్గర ఆగి, మెడ తిప్పి చూసి, పాసో ఫెయిలో చెప్పేవారు. రెండు ఫెయిలయ్యాయి. మళ్లీ వేశాను.

అవి అత్తయ్యగారి సండేస్కూలు పిల్లలకు వెళ్లాయి. నేను ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోలు చూసి ఆ హైదరాబాదు సేకరణదారుడు మళ్లీ ఫోన్ చేశాడు. ఒక్కొక్కటీ ప్రపంచంలో ఒకే ఒక్క కాపీ కదా, ఎవరి దగ్గర ఉన్నా కొంటానన్నాడు. మావయ్యగారు పక్కనుంచి, "పిల్లల దగ్గరున్నాయని చెప్పు. జంతికల నూనె కూడా అంటుకుందని చెప్పు. ఈసారి నేనెవరినీ చేతులు కడుక్కోమన్లేదు" అన్నారు. ఆయన అంత హాయిగా మాట్లాడడం నేను చాలా ఏళ్లకు విన్నాను.

బుధవారం వాళ్లింట్లో మూడో రోజు ప్రార్థన జరిగింది. అందరూ వెళ్లాక అత్తయ్యగారు నన్ను లోపలికి పిలిచారు. "ప్రార్థనకని పెద్ద బైబిలు తీస్తే దాని కింద ఇదుందమ్మా. ఆదివారం సాయంత్రం అతికించి, జిగురు ఆరేదాకా బరువెట్టేరు. ఆరేక నీకిస్తానన్నారు" అన్నారు. నేను ఆయన తీసి ఇచ్చినవాటికల్లా అట్టలు వేశానే గానీ, పెట్టెలో ఎన్ని ఉన్నాయో చూడలేదు. ఒకదానికి తానే అట్ట వేయాలని ఆయన అట్టే పెట్టుకున్నారు.

నీలం బాల్‌పెన్నుతో గీసిన బొమ్మ. జన్మలో ఎప్పుడూ బొమ్మ గీయని చెయ్యి. పడవ అరటిదొన్నెలా వంకర తిరిగింది, అమ్మాయి చేతులు మోకాళ్ల దాకా ఉన్నాయి. కింద నా పేరు రాశారు. ఇంటికొచ్చి పాత ఫైలు తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. నా బొమ్మలో పడవ తాడు ఆమె ఎడమ మణికట్టుకు రెండు చుట్లు చుట్టి ఉంది, ఆయన కూడా రెండు చుట్లే చుట్టారు. ఆయన గీసిన ఒడ్డున కూడా ఇసకలో ఒక్క చెప్పు బోర్లా పడి ఉంది. ఆ చెప్పు వేసిన సంగతి నేనే మరిచిపోయాను.

ఒక్కసారైనా చూసేరా అని అడిగాను కదా. మావయ్యగారు చూశారు. నా బొమ్మలో లాగే ఆయన పడవ పైన కూడా కొంగలు ఏడు, నాలుగు ముందు, మూడు కాస్త వెనక, రెక్కలు సమంగా రాకపోయినా అన్నీ సముద్రం వైపే వెళుతున్నాయి.