జత బొమ్మల కమిటీ

ఆ బడిలో అన్నిటికన్నా చిన్న తరగతి ఆమెది. మూడేళ్ల వాళ్లు ఇరవై ఆరుగురు. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే పొట్టి కుర్చీ. అందులో కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగాయి గానీ ఓపిక అరగలేదు. అందరూ ఆమెను జతల టీచర్ అంటారు. చివరి బెల్లు కొట్టాక గుమ్మం బయట కలగాపులగంగా పడి ఉన్న యాభై రెండు చెప్పుల్లో ఏది ఎవరిదో, ఏ కాలిదో చూడగానే చెప్పేస్తుంది. పెద్దవాళ్ల దగ్గర మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. "నువ్వు నోరు తెరిచేసరికి అవతలివాళ్లు ఇంటికెళ్లి పడుకుంటారు" అని ఆమె ఆడపడుచు ఏడిపిస్తూ ఉంటుంది.

తరగతిలో జత బొమ్మల ఆట ఒకటుండేది. అట్ట మీద బొమ్మలుంటాయి, విడి ముక్కల మీదా అవే బొమ్మలుంటాయి. ఏ ముక్క దేనికి సరిపోతుందో చూసి దాని మీద పెట్టాలి. వాడీ వాడీ బాతుకు తల ఊడింది, గొడుగుకు కర్ర పోయింది, చేపను ఎవరో నిజంగానే కొరికారు. ఆమె ధైర్యం కూడగట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది.

"మేడమ్, కొత్తదొకటి కావాలి. అట్ట మీద ఎనిమిది బొమ్మలు, వాటికి ఎనిమిది ముక్కలు. అంతే."

"అంతే అంటే ఎలా టీచర్? పిల్లల భవిష్యత్తు! కమిటీ వేద్దాం."

వేశారు. ప్రిన్సిపాల్ అధ్యక్షురాలు. పిల్లల మనసుల గురించి నెలకోసారి తల్లిదండ్రులకు ఉపన్యాసం ఇచ్చి వెళ్లే కౌన్సెలర్ సారు సలహాదారు. పిల్లలతో ఆయన ఎప్పుడూ మాట్లాడినట్టు ఎవరికీ గుర్తులేదు. జతల టీచరేమో సభ్యురాలు. అంటే కుర్చీలు వేయాలి, మినిట్స్ రాయాలి.

ఆటలమ్మే ఏజెంటు పెద్ద పెట్టెతో వచ్చాడు. మొదట తీసింది బ్యాటరీ ఆట.

"ఇది మాట్లాడుతుంది మేడమ్! పిల్లల్లో ఆత్మవిశ్వాసం పొంగిపొర్లుతుంది."

"ఒక్కసారి పిల్లల చేత ఆడించి చూస్తే..." అని టీచర్ నసిగింది. ఆ ఆలోచన కొత్తగా ఉందని ముగ్గురూ ఒప్పుకున్నారు. సరేనని తరగతి గదికి వెళ్లారు.

రెండు జడల పిల్ల ఒకతె ముందుకొచ్చి మొసలి ముక్కను కుర్చీ బొమ్మ మీద పెట్టింది.

"శభాష్! నువ్వు మేధావివి!" అంది ఆట.

ఆ పిల్ల ముక్క తీసేసి ఈసారి చెంచా మీద పెట్టింది. ఆట మళ్లీ శభాష్ అంది. కౌన్సెలర్ సారు మురిసిపోతూ ఏదో రాసుకున్నారు. పిల్ల మాత్రం టీచర్ కొంగు లాగి, జాలిగా అడిగింది.

"టీచర్, దీనికి రాదా? మనం నేర్పిద్దామా?"

రెండోది ఆకుల ఆట. ఇరవై నాలుగు ఆకులు, అన్నీ పచ్చనివే. ఎలా ఆడాలో చూపిస్తానని ప్రిన్సిపాల్ స్వయంగా నేల మీద కూర్చుని, ఒక ముక్క తీసి ఠీవిగా పెట్టారు.

"అది కాదు మేడమ్. దీనికి పళ్లున్నాయి" అంటూ ఆ పిల్లే ముక్కను అంచులు రంపంలా ఉన్న ఆకు మీదికి మార్చింది.

ప్రిన్సిపాల్ ముఖం మాడిపోయింది. "ఈ వయసు పిల్లలకు ఇది కష్టం" అని కమిటీ తేల్చింది.

ఇంతలో టీచర్ కళ్లు ఏజెంటు ఒడిలో ఉన్న అట్ట మీద పడ్డాయి. రసీదు పుస్తకం కిందికి ఆధారంగా పెట్టుకున్నాడు దాన్ని. కప్పు, తాళంచెవి, గొడుగు, పిల్లి... మొత్తం ఎనిమిది బొమ్మలు.

"అదేంటి బాబూ?"

"అదా అమ్మా, పాత సరుకు. మాట్లాడదు, పాడదు."

"మా గదిలో మాట్లాడేవాళ్లకు కొదవలేదు. అదే ఇవ్వండి."

ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. ఇద్దరి ఓట్లతో బ్యాటరీ ఆట గెలిచింది. టీచర్ ఎదురు చెప్పలేక మినిట్స్ రాయడానికి కూర్చుంది. జరిగింది జరిగినట్టు రాసింది: 'మొసలిని కుర్చీ మీద పెట్టగా ఆట శభాష్ అన్నది. చెంచా మీద పెట్టగా మళ్లీ శభాష్ అన్నది. కమిటీ ఈ ఆటను మెచ్చుకుని ఎంపిక చేసినది.' అబద్ధం ఒక్క ముక్కైనా లేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. మిగతా ఇద్దరూ చదవకుండానే సంతకాలు గీకేశారు. గుమాస్తా కూడా చదవకుండానే దాన్ని తల్లిదండ్రులకు పంపే నెలవారీ పత్రికలో వేసేశాడు.

చదివింది తల్లిదండ్రులే. మర్నాడు పొద్దున గేటు దగ్గర ఒకటే నవ్వులు. ఒక తండ్రి ప్రిన్సిపాల్‌ను నిలదీశాడు. "మేడమ్, మా వాడి మార్కులు కూడా ఈ ఆటే వేస్తోందా?"

ఆ మధ్యాహ్నమే టీచర్‌కు పిలుపొచ్చింది. ఉద్యోగం ఊడినట్టేనని కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది.

"ఇలా రాస్తారా ఎవరైనా?"

"జరిగిందే రాశాను మేడమ్."

ప్రిన్సిపాల్ లేచి తలుపు దగ్గరగా వేశారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ మాట్లాడనిది ఎక్కడ దొరుకుతుందో ఏజెంటును అడగండి" అన్నారు.

తర్వాతి తల్లిదండ్రుల సమావేశంలో ఆవిడ గంభీరంగా ప్రకటించారు. శాస్త్రీయంగా పరీక్షించి, గోల చేసే ఆటను తిరస్కరించి, మౌనంగా ఆలోచింపజేసే ఆటను తానే ఎంపిక చేశానని చెప్పారు. కౌన్సెలర్ సారు 'మౌనం, పసిమనసు' అనే అంశం మీద నలభై నిమిషాలు మాట్లాడారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో జతల టీచర్ అందరికన్నా గట్టిగా కొట్టింది. ఆమె ఒడిలో కొత్త అట్ట ఉంది, ముక్కలు ఎనిమిదికి ఎనిమిదీ ఉన్నాయి. ఉపన్యాసం ఇంకా సాగుతుండగానే మెల్లగా లేచి తరగతికి వెళ్లిపోయింది. అక్కడ గొడుగు నాదంటే నాదని కొట్టుకోవడానికి ఇద్దరు అప్పటికే సిద్ధంగా ఉన్నారు.