జున్ను సారూ, తలుపు గడియా

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. బీటెక్ చదివినవాడికి ఉద్యోగాల మీదే నమ్మకం ఉండదు, ఇక దయ్యాల దాకా వెళ్లే ఓపిక ఎక్కడిది? ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఒక్క తలుపు సంగతి మాత్రం పక్కన పెట్టి మాట్లాడుతున్నాను.

మాది కోదాడ. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పని చేస్తాను. కిందటి వానాకాలం పంట మార్కెట్‌కు రాకముందు మా సేటు జపాన్ నుంచి ఒక మిషన్ తెప్పించాడు. బియ్యంలో నల్ల గింజలుంటే కనిపెట్టి బయటికి ఊదేస్తుంది. దాన్ని బిగించడానికి వెంట ఒక ఇంజనీర్ వచ్చాడు. పేరు జున్. మర్నాటికల్లా హమాలీలు "జున్ను సార్" అని ఖాయం చేశారు. ఆ మాటకు అర్థమేమిటని జున్ అడిగితే, ఈనిన బర్రె తొలి పాలతో చేసే వంటకమని చెప్పాను. ఫోన్ తీసి రాసుకున్నాడు.

నాకు ఇంగ్లీషు వచ్చన్న అపవాదు ఒకటుంది. అందువల్ల అతన్ని నాకు అప్పగించారు. మిల్లు దగ్గర్లో యాదమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక పోర్షన్ కిరాయికి తీసుకుని ఇద్దరం దిగాం.

జున్‌కు కావలసింది ఒక్కటే. కూతురి మొదటి పుట్టినరోజుకు ఇంట్లో ఉండాలి. ఆ రోజు వాళ్లు బియ్యంతో చేసిన బరువైన ముద్దను పిల్ల వీపుకు కట్టి నడవమంటారట. మా హమాలీలు రోజూ చేసేది అదేననీ, వాళ్లకెవరూ పండగ చెయ్యరనీ చెప్పాను. మిషన్ సరిగ్గా నడిచిందని చూపించేదాకా అతను కదలడానికి లేదు. అది నడవాలంటే ముందు అతను రోజూ మిల్లుకు చేరాలి.

చేరడమే కష్టమైంది. దారిలో వాచ్‌మన్, చాయ్ కొట్టాయన, లారీలు తూచే వే బ్రిడ్జి దగ్గరి గుమాస్తా, అందరూ ఒకటే ప్రశ్న. "తిన్నవా సార్?" జున్ ఆగి, ఫోన్ తీసి, ఏమేం తిన్నాడో వివరంగా తెలుగులో చదివి వినిపించేవాడు. రెండో కూర దాకా ఎవరూ ఆగేవాళ్లు కాదు. "జవాబు అక్కర్లేనప్పుడు ఎందుకు అడుగుతారు?" అని నన్ను నిలదీశాడు. ఏ పని చెప్పినా మిల్లులో "అయితది సార్" అనేవాళ్లు. ఎప్పుడని అడిగితే మళ్లీ "అయితది" అనేవాళ్లు. కారం లేని నూడుల్స్ దొరుకుతాయంటే ఒక ఆదివారం సూర్యాపేట తీసుకెళ్లాను. వాటి ఎర్ర రంగు చూసి, కళ్లు తుడుచుకుంటూ, మర్యాదగా పూర్తిగా తిన్నాడు. నాకే ఏడుపొచ్చింది.

వీటన్నిటినీ మించిన తలనొప్పి తలుపు.

పాత టేకు తలుపు, లోపల ఇనుప గడియ. జున్ పొద్దున్నే బూట్లు వేసుకుని, కిటికీలోంచి వరండాలో ఉన్న యాదమ్మకు తల వంచి, ఫోన్ నేర్పిన తెలుగులో "నేను వెళ్తున్నాను" అనేవాడు. తర్వాత గడియ మీద చెయ్యి వేసేవాడు. అది కదిలేది కాదు. కిటికీకి ఊచలు. వెనక తలుపు ఒకప్పుడు ఉండేదట. వాస్తు బాగాలేదని యాదమ్మ అక్కడ గోడ కట్టించింది. నూనె, సుత్తి, నా బీటెక్ అన్నీ వాడాం. అక్కడ మిల్లులో ఫిట్టర్లు ఖాళీగా కూర్చునేవాళ్లు. ఇక్కడ మేం ఇంట్లో చెమటలు కక్కేవాళ్లం. ఇక మావల్ల కాదని కూర్చున్నాక, ఏ పదింటికో గడియ దానంతటదే జరిగేది. వడ్రంగి వచ్చి తలుపు చిత్రిక పట్టాడు. కొత్త గడియ బిగించాడు. కొత్తది కూడా కదల్లేదు. పాతదాంట్లో తప్పేమీ లేదని అప్పుడు తెలిసింది.

ఒక పొద్దున ఎప్పటిలాగే ఇరుక్కుపోయి ఉండగా, వరండాలో బియ్యం చెరుగుతూ యాదమ్మ చేట ఆపింది.

"తమ్మీ, గట్లనొద్దని సారుకు చెప్పు జర. పోతున్న అంటరా ఎవలన్న? పోయొస్త అనాలె. మా అత్తకు గామాట అసలే పడకపోవు. పోత అన్నోన్ని గడప దాటనియ్యకపోవు."

"ఇప్పుడెక్కడుంది అక్కా మీ అత్త?"

"గోడకున్నది గదా. నీ అంగీ తగిలేసే మొల పక్కన్నే."

ఆ మేకు పక్కన ఫోటో ఉందని తెలుసు. ఎవరిదో చూడలేదు. ఆ రోజు నుంచి అంగీ కుర్చీ మీద వేస్తున్నాను. నమ్మకం వల్ల కాదు, మర్యాద.

జున్ స్నానానికి వెళ్లినప్పుడు నేనొక్కడినే తలుపు ముందు నిలబడి "పోతున్న" అన్నాను. గడియ కదల్లేదు. "పోయొస్త" అన్నాను. వెన్నలా జరిగింది. మూసి, మా కోదాడ పద్ధతిలో "వెళ్లొస్తా" అన్నాను. జరిగింది. తలుపుకు యాస పట్టింపు లేదు. "బై" అన్నాను. బిగుసుకుంది. ఎన్నిసార్లు చేసినా ఇంతే. ఇలాంటప్పుడు చదువుకున్నవాడు చేసే పనే చేశాను. మిల్లులో ఎవరికీ చెప్పలేదు.

జున్‌కు మాత్రం ఆ మాట నేర్పబోయాను. అర్థం అడిగాడు. వెళ్లి వస్తానని అర్థం, అంతే అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "ఇది నేను ఇక్కడ అనలేను" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఒళ్లు మండింది. మిషన్‌లో వెంట్రుకంత వైరు సరిచేస్తాడు గానీ ఒక్క మాట అనడట! చివరికి ఇద్దరి తరఫునా నేనే "పోయొస్తం అక్కా" అనడం మొదలుపెట్టాను. తలుపు ఒప్పుకుంది.

మిషన్ పూర్తయింది. గరిడేపల్లి నుంచి వడ్ల ట్రాక్టర్లు గేటు ముందు నిలబడేనాటికి బియ్యం తెల్లగా పడుతున్నాయి. జున్ దోసిట్లో పట్టుకుని చాలాసేపు చూశాడు. కూతురి పుట్టినరోజుకు ఇంకా సమయం ఉంది. సరిగ్గా చేరేంత.

బయల్దేరే మధ్యాహ్నం కారొచ్చింది. యాదమ్మ బయట ఉంది. సంచులు సర్దుకుని తలుపు దగ్గరికి వచ్చాం. "పోయొస్తం అక్కా" అన్నాను.

గడియ కదల్లేదు.

మళ్లీ అన్నాను. గట్టిగా లాగాను. అప్పుడు తట్టింది. ఈసారి పోయేది అతనొక్కడే, నేను కాదు. తలుపుకు వ్యాకరణం కూడా వచ్చు.

డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. "సారునే అనమను తమ్మీ!" అని బయట్నుంచి యాదమ్మ కేక. జున్ పెట్టె మీద కూర్చున్నాడు. నాకు ఓపిక ఖతమైంది. "అబద్ధమైనా సరే, ఒక్కసారి అనవయ్యా! విమానం పోతుంది, నీ కూతురి పండగ పోతుంది" అని అరిచాను.

అతను నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ల దేశంలోనూ ఈ మాట ఉందట. బయటికి వెళ్తూ, వెళ్లి వస్తానంటారట. అయితే సొంత ఇంటి గడప దగ్గరే అంటారట. హోటల్లో అనరు, వేరేవాళ్ల ఇంట్లో అనరు. "అంటే ఇది నా ఇల్లవుతుంది. తిరిగి రావాలి" అన్నాడు.

నేను రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడ్డాను. 

జున్ లేచాడు. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో యాదమ్మ ఇచ్చిన మామిడికాయ పచ్చడి డబ్బా ఉన్న సంచి. గది చుట్టూ చూశాడు. గోడమీది ఫోటో వైపు తిరిగి, వంగి, వాళ్ల భాషలో ఏదో అన్నాడు. తర్వాత "పోయొస్త" అన్నాడు. ఫోన్ తెలుగు కాదు, అచ్చం యాదమ్మ అన్నట్టే.

గడియ జరిగింది.

అతని రెండు చేతుల్లో సామాను ఉంది. నా చేతులు నా తల మీద ఉన్నాయి. నేను చెప్పగలిగిన సాక్ష్యం ఇంతే.

సమయానికి చేరాడు. ఫోటో పంపాడు. వీపున బియ్యం ముద్దతో పిల్ల బోర్లా పడి ఏడుస్తోంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. కింద తెలుగులో ఒకటే మాట, "తిన్నవా?" తిన్నానని రాశాను. కూరల వివరాలు రాయలేదు.

అతను వెళ్లిన రోజు నుంచి ఆ తలుపుకు గడియ పడటం లేదు. రంధ్రం దాకా వచ్చి ఆగిపోతుంది. వడ్రంగి మళ్లీ వచ్చి చూశాడు. గడియ, రంధ్రం రెండూ తిన్నగా ఉన్నాయన్నాడు. కిందటిసారి తీసుకున్న పైసలు గుర్తొచ్చాయేమో, గబగబా వెళ్లిపోయాడు. "వస్తనని చెప్పిపాయె గదా సారు. రాకముందే గడియెట్ల వడతది?" అంటుంది యాదమ్మ.

చెక్క తేమకు ఉబ్బి ఉంటుందని ఆమెకు చెప్పాను. ఈ ఎండల్లో తేమ ఎక్కడిదని అడిగింది.   రాత్రిళ్లు తలుపుకు అడ్డంగా ఒక ఇటుక పెడుతున్నాను.