ఊదారంగు పంచె

మా మామకు ఒక్కతే కూతురు. అంటే, పెళ్లికూతురి తండ్రిగా నిశ్చితార్థానికి వెళ్లే భాగ్యం ఆయనకు ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఆయన్ని వంకాయలా తయారుచేసి పంపిన ఘనత నాది.

అప్పుడు నేను బెంగళూరులో నరాల మీద పరిశోధన చేస్తున్నాను. కొన్ని సముద్రపు నత్తల్లో నరాల కణాలు బాగా పెద్దవిగా ఉంటాయి. చెన్నై తీరంలో అలాంటివాటిని పట్టి, సముద్రపు నీళ్ల బకెట్లో వేసుకుని రైలెక్కాను. మర్నాడే నిశ్చితార్థం కాబట్టి బంగారుపేటలో దిగి, బంగారు గనుల ఊరైన ఊరిగాంలో మామ ఇంటికి చేరాను.

ఈ నత్తలు బెదిరితే ఊదారంగు చిమ్ముతాయి. రైలు కుదుపులకు ఎంత బెదిరాయో, మూత తీస్తే నీళ్లు నేరేడుపళ్ల రసంలా ఉన్నాయి. క్యానులో తెచ్చిన మంచి సముద్రపు నీళ్లలోకి నత్తల్ని మార్చి, అన్నీ బతికే ఉన్నాయని మురిసిపోయాను. రంగునీళ్ల బకెట్‌ను బట్టలుతికే రాయి పక్కనే వదిలేశాను. నా చదువు అంతవరకే పనిచేసింది.

తెల్లారగానే అది నేను కలిపి పెట్టిన నీలిమందు అనుకుని, మామ తెల్ల పంచె, చొక్కా అత్త అందులో ముంచి ఆరేసింది. ఆరితే తెల్లబడుతుందిలే అనుకుంది. ఆరేకొద్దీ ముదిరింది.

"ఏం మందు కలిపినావే ఇది?" అంది.

"మందు కాదత్తా. నత్తలు చిమ్మింది."

అత్త ఇంట్లోకి తొంగిచూసింది. తర్వాత మెల్లగా, "మీ మామకు చెప్పొద్దు. మద్రాసు రంగు అని చెప్పు" అంది.

ఉన్న ఇంకో పంచె చిరుగులది. పాపం, మామ ఇదే కట్టుకున్నాడు. అర సీసా సెంటు పోసినా చేపల వాసన పోలేదు. బంగారుపేటలో మగపెళ్లివారింట్లో నిశ్చితార్థానికి కూర్చోగానే వాళ్ల పిల్లి ఆయన ఒళ్లోకెక్కి ఇక దిగలేదు. సంబంధం చెడితే నేనెక్కడికి పారిపోవాలా అని తలుపు వెనక లెక్కలు వేసుకుంటున్నాను. ఇంతలో అబ్బాయి తండ్రి మామ పంచెను తడిమి చూసి, ఆయన్ని పక్కకు పిలిచాడు. నా గుండె గనిలోకి దిగే బోనులా కిందికి జారింది.

మామ తిరిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సంబంధం కుదిరిపాయ పాపా. పెండ్లిలో వాళ్ల మగోళ్లందరికీ ఈ రంగు పంచెలే కావల్లంట." గొంతు తగ్గించాడు. "మీ అత్త నాకంతా చెప్పేసింది. ఆ నత్తల్ని ఇంగొకసారి బెదిరించేకి అవుతుందా?"

ఆ క్షణమే, ఆయన కాళ్లకు రాసుకుంటున్న పిల్లి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట పెళ్లివారింటికి ప్రాణమున్నది ఏదీ బకెట్లో తీసుకెళ్లను. ఖాళీ బకెట్ కూడా తీసుకెళ్లను.