పెంచలన్న బస్సు అట్ట

కువైట్‌లోని వఫ్రాలో మా తోట పక్కనే ఉన్న టమోటా తోటలో పెంచల్ పద్నాలుగేండ్లుగా పనిచేస్తున్నాడు. ఊరు రైల్వేకోడూరు దగ్గర. పొద్దున్నే గూట్లోని నరసింహస్వామి పటానికి దండం పెట్టుకుంటాడు. మిగిలిన రొట్టె తుంచి పిచ్చుకలకు వేస్తాడు. ఆ తర్వాతే గ్రీన్‌హౌస్ తలుపు తీస్తాడు. పెంచలన్నకు కోపం రావడం నేను ఒక్కసారే చూశాను. అదీ తన మీద తనకే.

మా తోటల నుంచి బస్సు ఆగే తారురోడ్డుకు నాలుగు కిలోమీటర్లు. అంతా ఇసుక. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి కొడుతుంది. బస్సేమో రెండు గంటలకొకటి. టాక్సీని పిలిస్తే వచ్చేటప్పటికే గంట దాటుతుంది. జ్వరం వచ్చినా, ఇఖామా కాగితం, అదే ఇక్కడ ఉండే అనుమతి, పని పడినా అందరం కాళ్ళనే నమ్ముకోవాలి. కూర్చుని తిట్టుకోవడం తప్ప ఎవరమూ ఏమీ చేయలేదు.

పోయిన డిసెంబరులో పెంచలన్న తన పాత సైకిలెక్కి తోట తోటకూ తిరిగాడు. "మీ బండి ఏ పొద్దుకు రోడ్డెక్కుతాది? ముందు సీటు ఖాళీగా ఉంటాదా?" అని అందరినీ అడిగాడు. నారు వచ్చిన పెట్టె చింపి, అట్ట మీద బొగ్గు రంగు పెన్నుతో రాశాడు. ఎవరి బండి, ఏ వేళకు, ఎంతమందికి చోటు. కూరగాయల బండి వెనక మాత్రం ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. "మనిషి గోతం కాదబ్బా" అనేవాడు. ఆ అట్టను తోటల మధ్య ఉన్న మునాఫ్ చిల్లరంగడి గోడకు మేకు కొట్టి తగిలించాడు. బండి దొరకని వాళ్ళను తన సైకిల్ మీదే దింపి వచ్చేవాడు.

పనిలో మా చేతులు మట్టిలో ఉంటాయి, ఫోన్లు గదిలో ఉంటాయి. మాకు పొద్దు తెలిసేది మసీదులో నమాజుకు పిలిచే బాంగుతోనే. దండం పెట్టేది ఏ దేవుడికైనా సరే, నీళ్ళు కట్టేదీ అన్నం తినేదీ బాంగును బట్టే. అందుకని మధ్యాహ్నం బస్సు గురించి పెంచలన్న ఇలా రాశాడు: "పొద్దు వాలే నమాజు, అసర్ బాంగు వినపడగానే బయలుదేరవలెను." బాంగు అయ్యాక అరగంటకు రోడ్డు చేరితే, ఇంకో పావుగంటకు బస్సు వచ్చేది. ఆ నెలంతా ఒక్కరికీ బస్సు తప్పలేదు. ఒకాయన కువైట్‌కు వచ్చిన రెండేండ్లకు మొదటిసారి సముద్రం చూసి వచ్చానని అందరికీ ఖర్జూరాలు పంచాడు.

జనవరి చివరికి గొణుగుడు మొదలైంది. "బస్సు ముందే పోతాందన్నా" అని ఇద్దరు ముగ్గురు ఉత్తచేతులతో తిరిగొచ్చారు. పెంచలన్న ఒక రోజు పని మానుకుని, వేళకు ముందే పోయి నిలబడి, పంజాబీ డ్రైవరును మెత్తగానే అడిగాడు. ఆయన చేతి గడియారం చూపించి, "రోజూ మూడుంబావుకే వస్తాను భాయ్" అన్నాడు. పెంచలన్న తల ఊపి వచ్చేశాడు గానీ, నమ్మలేదు.

ఫిబ్రవరిలో మద్దిలేటి కంట్లో పురుగుమందు పడింది. మద్దిలేటి మా తోటలోనే పనివాడు, పెండ్లయి ఏడాది కూడా కాలేదు. నల్లగుడ్డు మీద పుండు పడిందని ఇక్కడి క్లినిక్ డాక్టరు సాయంత్రం ఆరు గంటలకల్లా పెద్ద ఆసుపత్రిలో ఉండాలని చీటీ రాశాడు. "ఈరోజు దాటితే చూపుకు నేను పూచీ పడలేను" అన్నాడు. తోట బండేమో నారు తీసుకుని దూరాన కబ్ద్ తోటలకు పోయింది. అసర్ బాంగు వినపడగానే పెంచలన్న మద్దిలేటిని సైకిల్ వెనక కూర్చోబెట్టుకున్నాడు. నేను వాళ్ళ వెనక ఇంకో సైకిల్ మీద.

రోడ్డు మీద మనిషి లేడు, బస్సు లేదు.

"పోయినట్టుందన్నా" అన్నాడు మద్దిలేటి, కంటికి తువ్వాలు అదుముకుని. "ఇంకోటి ఐదుంబావుకు కదా? దానికి పోతే ఆరు గంటలకు అందదు."

పెంచలన్న ఫోన్ తీసి, మాకూ వినపడేటట్టు పెట్టి, ఖాసిం వలికి చేశాడు. రాయచోటి మనిషి. తోట బంగళాలో ఉండే ముసలి యజమానురాలికి, మేమంతా మామా అని పిలిచే ఆమెకు, డ్రైవరు.

"ఎక్కడుండావు ఖాసింబాయ్? బస్సు మళ్ళా ముందే పోయింది. మద్దిలేటి కన్ను..."

"టైమెంతయింది చూసినావా?"

"మూడూ నలభై."

అవతల ఖాసిం వేళలు లెక్కగట్టాడు. "అయ్యో పెంచలన్నా! డిసెంబరులో అసర్ రెండున్నరకే. ఇప్పుడు మూడు దాటినాకే. పొద్దు పెరిగే కొద్దీ బాంగూ జరుగుతాది. బస్సు జరగదు."

పెంచలన్న నీరుగారిపోయాడు. "ఐదు పూటలా నమాజు చేసేవాడివి, నువ్వన్నా చెప్పగూడదా సాయిబూ?"

"నేనూ బస్సోడినే తిట్టుకుంటి కదన్నా. ఉండు, మామాను అడుగుతా."

పెంచలన్న నుదురు కొట్టుకున్నాడు. "నా రాతను నమ్మి వచ్చినాడు పిల్లోడు" అని ఒకటే మాట. మద్దిలేటే ఆయన చేయి పట్టుకున్నాడు. "ఊరుకో అన్నా. నువ్వు రాయకముందు నడిచి వచ్చి బస్సు పోగొట్టుకుంటిమి. ఇప్పుడు సైకిలెక్కి వచ్చి పోగొట్టుకుంటిమి. కాళ్ళన్నా మిగిలినాయి."

ఆ ఏడుపులోనూ నవ్వు వచ్చింది మాకు.

పది నిమిషాలకు పెద్ద తెల్లబండి వచ్చి ఆగింది. మామా చెల్లెలింటికి విందుకు బయలుదేరిందట. వెనక సీట్లో పక్కకు జరిగి, "యల్లా, యల్లా" అని చేయి ఊపింది. మద్దిలేటి కంటికి ఎండ తగులుతుందని తన నల్లద్దాలు తీసి తానే పెట్టింది. బంగారు అంచున్న ఆడవాళ్ళ అద్దాలు. విందుకు ఆలస్యమైనా, ముందు ఆసుపత్రికే పొమ్మందని ఖాసిం తర్వాత చెప్పాడు. ఆరుకు పావుగంట ముందే చేరారు.

మర్నాడు పెంచలన్న సంచి నిండా క్యాప్సికం తీసుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. బస్సు మూడుంబావుకే వచ్చింది. "తప్పు నాది భాయ్, నిన్ను అనుమానించినా" అని సంచి అందించాడు. డ్రైవరుకు సగమే అర్థమైనట్టుంది. నవ్వి తీసుకున్నాడు.

అక్కడి నుంచి నేరుగా మసీదుకు పోయి, చెప్పులు విడిచే చోటే నిలబడ్డాడు. బాంగు ఇచ్చే బంగ్లాదేశీ పెద్దాయన సంగతి విని, ఆ నెల నమాజు వేళల కాగితం ఒకటి ఇచ్చాడు. ప్రతి నెలా వచ్చి తీసుకుపొమ్మన్నాడు. ఇప్పుడు ఆ కాగితం అట్ట పక్కనే ఉంటుంది. అట్ట మీద బస్సు మూడుంబావుకని రాసి, బాంగుకు ముందు కదలాలా, తర్వాత కదలాలా అని పెంచలన్న దాని కింద నెల నెలా కొట్టేసి రాస్తాడు.

మూడు వారాలకు మద్దిలేటి కంటి కట్టు విప్పారు. మామా నల్లద్దాలను కడిగి, బుట్టెడు టమోటాలతో ఆమెకు పంపించి, అతను నేరుగా మునాఫ్ అంగడికి వచ్చాడు. పెంచలన్న గోడ పక్కన నిలబడ్డాడు. మద్దిలేటి బాగున్న కంటిని అరచేత్తో మూసుకుని, దెబ్బతిన్న కంటితో అట్ట వైపు చాలాసేపు చూశాడు.

"బస్సు... మూడుంబావు" అని చదివాడు. "అక్షరాలు కొంచెం పెద్దవి రాయకూడదా అన్నా?"

పెంచలన్న లోపలికి పోయి మునాఫ్‌ను పెన్ను అడిగాడు.