చెంగమ్మక్క పంచిన వంతులు

పోయిన వారం మా అమ్మాయి ఫోన్లో ఏదో పాత సీరియల్ పెట్టుకుంది. వంటగదిలో ఉన్న నాకు, పేర్లు పడేటప్పుడు వచ్చే పాట వినపడగానే తడి నైలాన్ వల వాసన తగిలింది. ఒక చిన్న ఊరి ఆడపిల్లల వాలీబాల్ జట్టు కథ అది. సగం నవ్వులు, సగం కన్నీళ్లు. మా ఊరి ఆడపిల్లలం ఎనిమిదిమందిమి దాన్ని రోజూ చెంగమ్మక్క ఇంట్లో చూసేవాళ్లం. మా బడి బీరువాలో ఇప్పటికీ ఒక కప్పు ఉంది. దాని మీద జట్టు పేరుంది, కప్పు ఇచ్చిన పెద్దమనిషి పేరుంది. చెంగమ్మక్క పేరు లేదు. ఆ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

సూళ్లూరుపేటకు కాస్త దూరంలో, పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊరు. చెంగమ్మక్క అక్కడ చిరిగిన వలలు బాగుచేసేది. చదువుకోలేదు. సీరియల్ చూసి మాకు ఆట మీద మోజు పుడితే, పాత వల ఒకటి కత్తిరించి రెండు సరుగుడు గుంజలకు కట్టింది. సీరియల్‌తో మాత్రం ఆమెకు ఒక పేచీ ఉండేది. అందులో ఆఖరి పాయింటు ఎప్పుడూ కథానాయికే కొట్టేది.

"ఆ పిల్లే అన్నీ కొడితే మిగతా ఐదుగురు యాడికి పోయినారు? పేరంటానికి వచ్చినారా?" అనేది.

మా సరస్సులో రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే. అందుకని ఊరంతా చీటీలు వేసి, ఏ రోజు ఎవరు అక్కడ వల వెయ్యాలో వంతులు పంచుకుంటారు. ఆ వంతును పాడు అంటారు. చెంగమ్మక్క మా జట్టునూ అట్లాగే నడిపింది. ఎనిమిదిమందిలో ఏ ఆరుగురు ఆడాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో చీటీలే చెప్పేవి. అందరికంటే చేతకానిదాన్ని నేను. నాకూ పాడు వచ్చేది.

చిట్టమూరులో పోటీలు పెడుతున్నారని తెలిశాక, అసలు రూల్సు మాలో ఎవరికీ సరిగ్గా తెలియవని బయటపడింది. "నువ్వు బాగా చదువుతావు గదా. సూళ్లూరుపేట లైబ్రరీకి పొయ్యి చదువుకొని రామ్మే," అని చెంగమ్మక్క నన్ను బస్సెక్కించింది. లైబ్రరీ చూసుకునే దేవదానం గారు ఆటల పుస్తకం వెతికి ఇచ్చారు. అందులో కోర్టు బొమ్మ ఉంది. ఆటగాళ్లు గడియారం ముల్లు తిరిగే వైపు చోట్లు మారాలి. మేము ఇన్నాళ్లూ దానికి వ్యతిరేక దిక్కున తిరుగుతున్నాం. మా ఊరి వలల వంతు దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది, కోర్టులోనూ అదే లెక్క పెట్టుకున్నాం. ఆ సంగతి భయపడుతూనే చెప్పాను. చెంగమ్మక్క నాచేత ఆ పేజీ రెండుసార్లు చదివించుకుంది. "అయితే రేపట్నించి అటు తిరుగుదాం. ఇంకా ఏమేం తప్పు చేస్తున్నామో వారం వారం పొయ్యి చదువు," అంది. ఆ పుస్తకం అయిపోయాక కూడా నేను వారం వారం వెళ్లడం మానలేదు. పదో తరగతితో బడి ఆగిపోయినా నా చదువు ఆగనిది అందుకే.

చిట్టమూరు ఫైనల్లో ఆఖరి సెట్టు. మాకు పద్నాలుగు, వాళ్లకు పదమూడు. సర్వీసు నా వంతుకు వచ్చింది. మా కెప్టెన్ కావేరి, కోర్టు గీత బయట నిలబడిన చెంగమ్మక్క దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, దీన్ని కూర్చోబెట్టి, బయట ఉన్న సులోచనను దించు. ఒక్క పాయింటే గదా."

"పాడు ఎవురిది?"

"దానిదే. అయినా..."

"మా ఆయన చెయ్యి విరిగిన ఏడు మా పాడు ఎవురన్నా లాక్కున్నారా? ఒంటిచేత్తోనే వల వేసొచ్చినాడు. దాన్ని కొట్టనీ."

కొట్టాను. బంతి నెట్టుకు తగిలి నా వైపే జారింది, స్కోరు పద్నాలుగు పద్నాలుగైంది. తర్వాతి రెండు పాయింట్లు వాళ్లవి.

మర్నాడు సాయంత్రం నేను ఆటకు పోలేదు. చెంగమ్మక్క చీటీల డబ్బా పట్టుకొని మా గుమ్మం ముందుకు వచ్చింది.

"ఏందిమే, చీటీ తియ్యవా?"

"నావల్లే ఓడిపోయినాం గదక్కా. నేను రాను."

"నిన్న వల ఖాళీగా వచ్చిందని ఎవురన్నా సరస్సుకు పోవడం మానేస్తారా? వాళ్ల పాడు వాళ్లకుంటది. తియ్యి."

వెనకాల కావేరి నిలబడి ఉంది. "తియ్యవే. ఈసారి నెట్టుకు పైన గూడా ఆకాశం ఉందని గుర్తు పెట్టుకో," అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. చీటీ తీశాను.

మరుసటి ఏడు అదే మైదానంలో సర్వీసు మళ్లీ నా వంతుకు వచ్చింది. ఈసారి ఎవరూ చెంగమ్మక్క దగ్గరికి పరుగెత్తలేదు. బంతి వల దాటింది. బీరువాలో ఉన్న కప్పు ఆ ఏటిదే.

చెంగమ్మక్క ఇప్పుడు లేదు. ఆదివారాలు మా వరండాలో పిల్లలకు కథలు చదివిస్తుంటాను, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఆ వరండాకు పుస్తకాలు పంపే దేవదానం గారికి, ఇది రాయడానికి నేను మరిచిన స్కోరు గుర్తుచేసిన కావేరికి, ఆ రోజు నా బదులు దిగకుండా కూర్చొని చప్పట్లు కొట్టిన సులోచనకు, అన్నిటికంటే ముందు చెంగమ్మక్కకు నా కృతజ్ఞతలు. మొన్న ఒక పాప ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే, గబగబా చదివే పిల్ల పుస్తకం తన వైపు లాక్కోబోయింది.

"పాడు ఎవురిది?" అన్నాను.

ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. పేజీ అయ్యేదాకా అందరం కూర్చున్నాం.