బాణం గీసిన డైనమో

మా అన్నతో నేను ఆడిన మాటల్లో మంచివి ఏరాలంటే పట్టపగలు దీపం పట్టుకోవాలి. చిన్నప్పటి నుంచీ నా నోరంతే. సాంచెలు, అదే మరమగ్గాలు, బాగుచేసే జాబర్ని కాబట్టి మా కుంఠా నాకా వైపు కార్ఖానాల్లో నా చెయ్యి అందరికీ కావాలి, నా నోరు ఎవరికీ అక్కర్లేదు. నేను మాత్రం రెండూ కలిపే ఇచ్చేవాణ్ణి.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక అన్న సాంచెల దగ్గర పని చేయలేకపోయాడు. అప్పుడు భంగార్ దుకాణంలో, పాత ఇనుప సామాన్ల మధ్య దొరికింది ఆ బుల్లి ట్రాక్టరు. ఏదో మూతబడ్డ మిల్లు బంగ్లాలో గడ్డి కోయడానికి ఎప్పుడో విదేశం నుంచి తెప్పించిందట. నా నడుమెత్తు కూడా ఉండదు. అన్న దానికి ట్రాలీ తగిలించి, నూలు చుట్టిన బీములను కార్ఖానాలకు చేరవేసే పని పట్టాడు. దాన్నే ఎందుకు కొన్నాడంటే, చావి తిప్పితే చాలు, స్టార్టవుతుంది. ఎడమచెయ్యి ఒక్కటి ఉంటే చాలు. రెండేళ్లు జోడ్‌భావి పేట్ సందుల్లో దర్జాగా తిరిగాడు.

దానికి స్టార్టరూ డైనమో ఒకటే డబ్బా. ఇంజన్‌ను లేపేదీ అదే, లేచాక బ్యాటరీ నింపేదీ అదే. అది కాలిపోయింది. ఇక రోజూ పొద్దున్నే ఇంజన్‌కు తాడు చుట్టి ఎవరో ఒకరు లాగాలి. ఆ ఎవరో ఒకరు నేనే. "రాజావారి రథానికి గుర్రం వచ్చింది, ఎక్కుండ్రి!" అని సందంతా వినేలా అరిచేవాణ్ణి. జనం నవ్వేవారు. అన్న కూడా నవ్వేవాడు, ఏం చేస్తాడు మరి. నేను ఆలస్యమైన రోజు బీములూ ఆలస్యమే. ఇట్లయితే టెంపోవాణ్ణి పెట్టుకుంటామని కార్ఖానావాళ్లు అనడం మొదలుపెట్టారు.

"తమ్మీ, అసొంటిదే ఇంకోటి యాడన్న ఉంటే తే" అన్నాడు అన్న. కాలిన డబ్బాను ఒళ్లో పెట్టుకుని, దాని మీద సుద్దముక్కతో బాణం గీశాడు. "పుల్లీ దిక్కు నుంచి సూస్తే గిట్ల తిరగాలె. రెండు తీర్లయి ఉంటయట. డబ్బ మీదనే బాణం ఉంటది, సూసి తే."

నాకు మండింది. "నీ జిందగంత నువ్వు నడిపినన్ని సాంచెలు నేను ఒక్క నెలల ఇప్పి బిగిస్త. నాకు దిక్కులు నేర్పుతవా?"

మా దగ్గర సాంచె మోటారు ఉల్టా తిరిగితే రెండు వైర్లు ఇటుదటు మారుస్తాం. సీదా తిరుగుతుంది. మా పేటలో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన విద్య అది.

వారం రోజులు దుకాణాలు తిరిగితే ఒకచోట రెండు దొరికాయి. ఒకటి జిడ్డుపట్టి నల్లగా ఉంది, ఇంకోదానికి రంగు కూడా పోలేదు. దుకాణదారు నల్లదాన్ని ముందుకు జరిపాడు. "మీ అన్న ఫోన్ చేసిండు. రెండింటి బాణాలు అడిగి ఇదే పక్కకు పెట్టమన్నడు."

అంటే నా మీద నమ్మకం లేదన్నమాట. ఎండలో తిరిగేది నేను, నా వెనక ఫోన్లు చేసేది ఆయన.

"గది నాకొద్దు. గా మంచిదియ్యి."

"అరే బాబా, అది ఉల్టా ఉంది."

"ఉల్టాను సీదా చేసుడే నా పని" అన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని నాలాంటివాణ్ణి చూసే అని ఉంటారు.

శుక్రవారం పొద్దున బిగించాను. వదిన బీడీల చాట పక్కన పెట్టి వచ్చి, ట్రాక్టరుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. అన్న ఉతికిన అంగీ తొడుక్కుని సీటెక్కాడు. సందులో సగంమంది గుమ్మాల్లో నిలబడ్డారు. అన్న చావి తిప్పాడు. ఇంజన్ వెనక్కి తిరిగి, ఓసారి తుమ్మి, ఆగిపోయింది. నేను నవ్వుతూ రెండు వైర్లు మార్చాను. మళ్లీ తిప్పాడు. మళ్లీ వెనక్కే తిరిగింది.

అన్న కిందికి వంగి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "తమ్మీ, ఇది తీన్ ఫేజ్ మోటార్ గాదు, బ్యాటరీది. వైర్లు మారిస్తే దిక్కు మారది. బస్, ఇప్పెయ్. వాపస్ ఇద్దాం."

నా పరువు కోసమే గొంతు తగ్గించాడు. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్లు భగ్గుమంది. పేటంతా వినేలా అన్నాను.

"చెయ్యి పడిపోయినోనివి, నోరు గూడ పడిపోతే పీడ పోతుండె!"

ఎవరూ నవ్వలేదు. వదిన కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. అన్న మెల్లగా దిగి లోపలికి పోయాడు. నేను సీటెక్కి చావి తిప్పి పట్టుకున్నాను. డబ్బాలోంచి పొగ వచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు ఆ నల్లదాని కోసం పోతే, అప్పటికే రాగి కోసం పగలగొట్టేశారు. అన్న ఇంటికి పోతే, చక్రానికి కాలు తన్నిపెట్టి వదిన తాడు లాగుతోంది. నేను అందుకోబోయాను. అన్న ఎడమచేత్తో నా చెయ్యి పక్కకు తోశాడు, ఒక్క మాట అనలేదు. ఆమె అరగంట లాగితే గానీ ఇంజన్ లేచేది కాదు. ఆలోపు టెంపోవాడు బీములు దించేసి పోయేవాడు. కొన్నాళ్లకు అన్నను పిలవడమే మానేశారు.

నాకు నిద్ర పట్టేది కాదు. ఏ ఊరికి పని మీద పోయినా భంగార్ దుకాణాలే తిరిగాను. ఎనిమిది నెలలకు ఇచల్‌కరంజీలో దొరికింది. బాణాన్ని మూడుసార్లు చూశాను, వేలితో తడిమాను. ఆలోపు అన్నవాళ్లు కుంభారిలో బీడీలు చుట్టేవాళ్లకు కట్టిన కాలనీలో వదిన పేర వచ్చిన ఇంటికి మారిపోయారు. డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

అన్న గుమ్మంలో కూర్చుని, తడి తునికాకులు ఎడమచేత్తో ఒక్కొక్కటీ విడదీసి వదినకు అందిస్తున్నాడు. ట్రాక్టరు ఎక్కడా కనబడలేదు.

"మొన్ననే భంగార్‌కు ఏసినం" అంది వదిన, ఆకు కత్తిరిస్తూనే.

డబ్బాను అన్న ముందు పెట్టాను. ఆయన ఆకు పక్కన పెట్టి, పుల్లీని వేలితో ఒకసారి తిప్పాడు, బాణం చూపించే వైపే. మళ్లీ ఆకు తీసుకున్నాడు.

"తప్పైందన్నా. ఒక్క మాట అను. తిట్టు. ఏదన్న అను" అన్నాను.

వదిన కత్తెర కింద పెట్టింది.

"నోరు పడిపోవాలని సందంత ఇనేటట్టు నువ్వే అంటివి గదా. నీ మటుకు పడిపోయింది. పో, నీ బస్సు పోతది."