ఉభయంగారూ తీపి పన్నూ

ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆఫీసులో అందరికీ ఆయన ఉభయంగారు. నగరపాలక కార్యాలయంలో మూడో అంతస్తులో, కిటికీ రెక్క ఎంత లాగినా మూసుకోని మూలగది ఆయనది. ఏ కొత్త పన్ను ఆలోచన వచ్చినా అనుకూల వాదనలు ఒక కాగితం మీదా, ప్రతికూల వాదనలు ఇంకో కాగితం మీదా రాసి పైకి పంపడం ఆయన పని. పైన కూర్చున్న పెద్దసారు తనకి నచ్చిన కాగితం ఉంచుకుని రెండోది చించేస్తాడు. అలా ఇరవై ఆరేళ్ళలో ఉభయంగారి రాతలో సరిగ్గా సగం చెత్తబుట్ట పాలైంది. ఏ సగం అన్నది మాత్రం పెద్దసార్లు మారినప్పుడల్లా మారేది.

ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి నచ్చిందా?" అని అడిగితే ఆయన గొంతు సవరించుకుని "రెండు కోణాల్నించీ చూస్తే..." అని మొదలెట్టాడట. అమ్మాయి లేచి, "నాకు నచ్చాడు, ఇక పదండి" అందట. ఆవిడ బడిలో లెక్కల టీచరు. అప్పట్నించీ ఆ ఇంట్లో నిర్ణయాలన్నీ ఆవిడవే, వాదనలన్నీ ఆయనవి. కాపురం హాయిగానే సాగింది.

ఒక ఏడాది నగరంలో చక్కెర జబ్బు పెరిగిపోతోందని గోల పుట్టింది. తియ్యటి పానీయాల మీద పన్ను వెయ్యాలన్నారు. ఉభయంగారు రెండు కాగితాలూ ముందేసుకున్నారు. అనుకూలం: ధర పెరిగితే చెయ్యి వెనక్కి పోతుంది. రోగం ఒకడిదైనా ఆసుపత్రి ఖర్చు అందరిదీ. పిల్లలకి ఉపన్యాసం ఎక్కదు, ధర ఎక్కుతుంది. ప్రతికూలం: ఉన్నవాడు ధర కూడా చూడడు, లేనివాడికి ఉన్న ఒక్క సరదా పోతుంది. జనం ఇంకో తీపి వెతుక్కుంటారు. అన్నిటికీ మించి, సర్కారుకి ఆ డబ్బు రుచి మరుగుతుంది. ఇదంతా రాస్తున్నంతసేపూ ఆయన పక్కన నారింజరంగు సోడా గ్లాసు ఉంది. దాని అడుగు మరక అనుకూల కాగితం మీద గుండ్రంగా పడింది.

పెద్దసారు ఆ మరకున్న కాగితమే ఉంచుకున్నాడు. "ప్రజల ఆరోగ్యమే మా ఊపిరి" అని సభలో గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. పన్ను ఖాయమైన సంతోషంలో సభ్యులందరికీ మిఠాయిలు పంచారు. మిఠాయి పానీయం కాదు కాబట్టి దానికి పన్ను లేదు.

ఆఫీసు గేటు పక్కన రంగుసోడా బండి పెట్టుకున్న ఆవిణ్ణి అందరూ సోడాపిన్ని అంటారు. భర్త పోయాక ఆ బండి మీదే ఇద్దరు కూతుళ్ళని చదివించింది. పన్ను పడ్డ మొదటి వారం ఆవిడ బేరం సగానికి పడిపోయింది. రెండో సోమవారం మూడింటికి ఉభయంగారు మామూలుగా కిందకి దిగేసరికి బండి మీద ఒక చక్కెర డబ్బా, గొలుసు కట్టిన ఒక స్పూను కనిపించాయి.

"ఇదేంటి పిన్నీ?"

"సోడాకి పన్ను లేదు బాబూ. చక్కెరకీ లేదు. నేను కలిపితేనే పన్నంట. అందుకే నేను కలపను. మీరే కలుపుకోండి."

ఇదివరకు ఆవిడ గ్లాసుకి రెండు స్పూన్లేసేది. ఇప్పుడు ఎవరి చెయ్యి వాళ్ళది కావడంతో జనం నాలుగేసుకుంటున్నారు. ఉభయంగారు అటూ ఇటూ చూసి ఐదేసుకున్నారు.

పన్ను డబ్బుతో ఆరుగురు నర్సుల్ని పెట్టి, వీధి వీధికీ పంపి చక్కెర పరీక్షలు చేయిస్తున్నారు. వాళ్ళొకరోజు ఆఫీసుకీ వచ్చారు. ఉభయంగారి వేలు గుచ్చిన నర్సు చేతిలో మీటరు చూసి, మళ్ళీ గుచ్చింది.

"రోజూ తియ్యటివి తాగుతారా సార్?"

"దాన్ని రెండు రకాలుగా చూడాలమ్మా..."

"రక్తాన్ని మేం ఒక్క రకంగానే చూస్తాం సార్. మీకు జబ్బుంది. చాలాకాలంగా ఉండుంటుంది."

ఉభయంగారు తన కాళ్ళకేసి చూసుకున్నారు. ఇదే జబ్బుతో ఆయన అన్నగారికి కుడికాలి వేళ్ళు మూడు తీసేశారు. ఆసుపత్రిలో ఆ కట్టు విప్పి మళ్ళీ కట్టేటప్పుడు గుడ్డలు అందించింది ఈయనే. మూడు రోజులు భార్యకి చెప్పలేదు. నాలుగోరోజు గిన్నెలు సర్దుతున్న ఆవిడ వెనక నిలబడి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పేశారు. ఆవిడ చేతులు తుడుచుకుంది. తర్వాత మందుల చీటీ తీసుకుని చదివి, "సరే. ఇవాళ్టి నించీ ఈ ఇంట్లోనూ పన్నే. మీరు స్పూను చక్కెర వేసుకున్నారా, ఆ పూట గిన్నెలు మీరే తోమాలి" అంది.

మొదటి వారం ఆయన పూటపూటా తోమారు. టీలో తీపీ, చేతుల్లో మసీ అలవాటయ్యాయి. మూడో వారానికి నడుం పట్టేసింది, చక్కెర తగ్గింది. ఐదో వారానికి పూర్తిగా మానేశారు. సరిగ్గా అప్పుడే ఇంటికి చుట్టాలొచ్చి వెళ్ళారు. సింకు నిండా గిన్నెలు. ఆ సాయంత్రం భార్య ఇచ్చిన టీ ఒక గుక్క తాగి ఆయన ఆగిపోయారు.

"ఏవోయ్, ఇందులో చక్కెరుంది!"

ఆవిడ అటు తిరిగి, "ఒక్క స్పూనేలెండి. రోజూ కాదుగా" అని గొణిగింది. రెండు క్షణాల తర్వాత తనే వచ్చి, కప్పు లాక్కుని పారబోసింది. "నాకూ బుద్ధి లేదు" అంది. ఆ రాత్రి గిన్నెలు ఇద్దరూ కలిసి తోముకున్నారు.

ఈలోగా ఆఫీసులో పిడుగు పడింది. పన్ను రాబడి పడిపోయింది. పెద్దసారు అందర్నీ కూర్చోబెట్టి బల్ల గుద్దాడు. "జనం తాగడం ఎందుకు మానేశారు? ఎవరు బాధ్యులు?"

మాన్పించడానికే కదా సార్ వేశాం అని అక్కడ ఎవరూ అనలేదు. ఉద్యోగాలు అందరికీ ఉన్నాయి. బాధ్యుల్ని వెతగ్గా వెతగ్గా గేటు దగ్గరే దొరికింది. సోడాపిన్నిని విచారణకి పిలిచారు. గొలుసు కట్టిన స్పూను పానీయం తయారీ యంత్రం కిందికి వస్తుందా రాదా అన్నది ప్రశ్న. వాదనలు రాసుకు రమ్మని ఉభయంగార్ని పురమాయించారు.

ఆయన ఖాళీ చేతులతో వచ్చారు.

"కాగితాలేవయ్యా?"

"రాయలేదు సార్. నాకో అభిప్రాయం ఉంది. చెప్పొచ్చా?"

పెద్దసారు అయోమయంలో తల ఊపాడు.

"పన్ను మంచిదే సార్. అది లేకపోతే నర్సు లేదు, నర్సు లేకపోతే నా జబ్బు నాకు తెలిసేదే కాదు. కానీ జనం తాగితేనే నర్సుకి జీతం అన్నామంటే, జనం తాగాలని మనమే కోరుకుంటాం. మా ఇంట్లో అదే జరిగింది. నర్సుల జీతం ఇంకెక్కణ్ణించైనా ఇవ్వండి. ఈ పన్ను పడిపోతే పండగ చేసుకోండి. స్పూను జోలికి పోకండి." అని, పిన్ని వైపు తిరిగారు. "నువ్వూ అంతే పిన్నీ. ఆ డబ్బా పెట్టి జనానికి మరింత చేటు చేస్తున్నావు."

పిన్ని కొంగు సవరించుకుంది. "నేనొక్క స్పూనూ వెయ్యలేదు బాబూ. ఐదేసుకుంది నువ్వు."

పెద్దసారు కూడా నవ్వేశాడు. ఉభయంగారి చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి ఆయనా నవ్వారు.

"ఇంతకీ మీరన్నది అనుకూలం కింద రాయాలా, ప్రతికూలం కిందా?" అని గుమాస్తా అడిగాడు. ఎవరికీ తోచలేదు. అందుకని ఏదీ రాయలేదు. చక్కెర డబ్బా బండికి మూర దూరంలో ఉండాలని తీర్పిచ్చారు. పిన్ని ఒక ముక్కాలిపీట కొని డబ్బాని దాని మీద పెట్టింది. అయితే స్పూను మాత్రం చిన్నది కట్టింది. ఎవరూ చెప్పలేదు, తనకే అనిపించిందట. ఆరుగురు నర్సుల్లో ఇద్దర్ని, రాబడి లేదని, ఇంటికి పంపారు.

అభిప్రాయం ఉన్న మనిషిని ఆ గదిలో ఉంచడం ప్రమాదమనుకున్నారేమో, ఉభయంగార్ని ఉద్యానవనాల శాఖకి బదిలీ చేశారు. పార్కుల్లో బెంచీలకి నంబర్లు వెయ్యాలి. పొద్దున్నించీ సాయంత్రందాకా రంగు డబ్బా పట్టుకుని పార్కు పార్కుకీ నడకే. మొదటి నెల ఏడుపు మొహంతో తిరిగారు. తర్వాత సెలవురోజున కూడా భార్యని వెంటబెట్టుకుని నడవడం మొదలెట్టారు. ఆర్నెల్లకి నర్సు వేలు గుచ్చి, మీటరు చూసి, "భలే తగ్గింది సార్! ఏం చేశారు?" అంది.

"బెంచీలు లెక్కపెట్టానమ్మా."

ఆ ఏడాది చివర పెద్దసారు నివేదిక అచ్చయింది. తీపి పన్ను పుణ్యమా అని సొంత ఉద్యోగుల్లో సైతం చక్కెర గణనీయంగా తగ్గిందని పన్నెండో పేజీలో రాశారు. ఉద్యోగుల్లో తగ్గినది ఉభయంగారొక్కరికే. ఆయన ఆ పేజీ చదివి, చింపి, కొత్తగా రంగేసిన బెంచీ ఆరిందో లేదో చూడ్డానికి దాని మీద పరిచారు. ఆరలేదు.